నాన్న కుడి భుజం, బండి ఎడమ చక్రం

కారు ఒక పక్కకి లాగుతుంటే నడిపేవాళ్ళకే ముందు తెలుస్తుంది అనుకుంటాం. చాలాసార్లు అందరికంటే ఆలస్యంగా తెలిసేది వాళ్ళకే. బండి ఎడమకి ఎంత లాగితే చెయ్యి అంత కుడికి తిప్పి పట్టుకుంటుంది. మొదటి వారం చిరాకుగా ఉంటుంది. రెండో వారానికి అలవాటైపోతుంది. రెండు మూడు నెలలు గడిచాక "ఈ బండి అంతే" అనిపిస్తుంది. చెయ్యి తన పని తను చేసుకుపోతూ ఉంటుంది, మనకి చెప్పదు.

మా నాన్న తెనాలిలో కారు అద్దెకి తిప్పుతాడు. సెకండ్ హ్యాండ్‌లో కొన్న డీజిల్ బండి. పెళ్ళిళ్ళు, గుంటూరు హాస్పిటళ్ళు, గన్నవరం ఎయిర్‌పోర్టు, అప్పుడప్పుడు తిరుపతి, శ్రీశైలం. బండి షెడ్డులో ఉన్న రోజు మాకు ఆదాయం లేని రోజు. అందుకని బండికి ఏదైనా వస్తే "నడుస్తోంది కదా, చూద్దాంలే" అనడం నాన్నకి అలవాటు. ఆయన్ని తప్పు పట్టడానికి ఏం లేదు, మా కాలేజీ ఫీజు కూడా ఆ నడిచే బండి మీదే నడుస్తోంది.

మొన్న ఎండాకాలం సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు రోజూ రాత్రి అమ్మ నాన్న కుడి భుజానికి నొప్పి నూనె రాస్తూ కనపడింది. వయసు అన్నాడు నాన్న. ఏసీ గాలి అంది అమ్మ. ఒకరోజు గుంటూరు కిరాయికి వెళ్తుంటే ముందు సీట్లో కూర్చున్నాను. రోడ్డు తిన్నగా ఉంది, బండి తిన్నగా వెళ్తోంది, కానీ స్టీరింగ్ మాత్రం కొంచెం కుడికి తిరిగి ఉంది. నాన్న కుడి చెయ్యి దాన్ని కిందకి లాగి పట్టుకునే ఉంది. గంటసేపు అలాగే. భుజం నొప్పి ఎక్కణ్ణుంచి వచ్చిందో అప్పుడు కొంచెం అర్థమైంది.

"నాన్నా, బండి ఎడమకి లాగుతోందా?"

"ఆ, కాస్త. రెండుసార్లు అలైన్‌మెంట్ చేయించానమ్మా. టైర్లు మార్చాలంటన్నారు. రెండు టైర్లంటే తొమ్మిది వేలు. చూద్దాంలే."

నన్ను భయపెట్టింది మాత్రం లాగుడు కాదు. సంగం జాగర్లమూడి దాటాక ఒక గేదె అడ్డం వచ్చింది. నాన్న బ్రేక్ గట్టిగా తొక్కాడు. ఎడమకి లాగే బండి ఒక్కసారిగా కుడికి కొట్టుకుంది. ఎదురుగా ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. నాన్న "గేదె" అని తిట్టుకుని ముందుకి పోనిచ్చాడు. నేను మాత్రం ఆ కుడికి కొట్టుకోవడం గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను. పై శనివారం శ్రీశైలం కిరాయి ఉంది. దోర్నాల దాటాక నల్లమల ఘాట్ రోడ్డు, ఎక్కడం దిగడం రెండూ. ఒక కుటుంబం, వాళ్ళ పెద్దవాళ్ళు, ఇద్దరు చిన్నపిల్లలు.

నేను కంప్యూటర్ సైన్స్. మెకానికల్ వాళ్ళు నవ్వకండి. కానీ తప్పు ఎక్కడుందో వెతికే పద్ధతి ఏ బ్రాంచికైనా ఒకటే. ఏ లైను దగ్గర ఆగిందో చూడకముందే కోడ్ మొత్తం మార్చెయ్యకూడదు. ఒకేసారి మూడు చోట్ల మారిస్తే ఏది పని చేసిందో ఎప్పటికీ తెలీదు. ఖర్చు లేనివి ముందు చూడాలి, ఖర్చు ఎక్కువైనవి చివర చూడాలి. మా ఊరి మెకానిక్ బాబాయ్‌ని అడిగితే ఆయనా దాదాపు ఇదే చెప్పాడు, ఇంకొంచెం బాగా: "బండి లాగుతోందని అందరూ చెప్తారు పాపా. ఎప్పుడు లాగుతోందో ఎవరూ చెప్పరు. అది చెప్తే సగం రిపేరు అయినట్టే."

ఆ "ఎప్పుడు" అనేదే అసలు ప్రశ్న. స్పీడ్ ఎంతైనా ఎప్పుడూ ఒకే పక్కకి లాగుతుంటే గాలి, టైరు, అలైన్‌మెంట్, లేదా వదలకుండా పట్టేసిన బ్రేకు. బ్రేక్ తొక్కినప్పుడే లాగితే బ్రేకుల్లో తేడా, లేదా లోయర్ ఆర్మ్ బుష్ అరిగి చక్రం తన చోటు నుంచి కదిలిపోవడం. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడే లాగితే, ముందు చక్రాలకి పవర్ వెళ్ళే బళ్ళలో రెండు డ్రైవ్ షాఫ్టుల పొడవు సమానంగా లేనందువల్ల కూడా కావచ్చు. ఇంకొకటి కూడా ఉంది. బండి తిన్నగానే వెళ్తూ, చెయ్యి వదిలినా పక్కకి పోకుండా, స్టీరింగ్ మాత్రం వంకరగా కనపడితే అది లాగుడు కాదు, స్టీరింగ్ సెంటర్ తప్పింది. దానికి అలైన్‌మెంట్ చాలు.

మాది ఎప్పుడూ ఎడమకి, గట్టిగా బ్రేక్ వేస్తే మాత్రం కుడికి. ఇది ఒక కాగితం మీద రాసుకున్నాను.

మొదటి అనుమానం రోడ్డు మీద. వాన నీళ్ళు నిలవకుండా మన రోడ్లు మధ్యలో ఎత్తుగా, అంచుల వైపు వాలుగా వేస్తారు. మనం నడిపేది ఎడమ వైపు కాబట్టి ఏ బండైనా కొంచెం ఎడమకి జారుతుంది. అది జబ్బు కాదు. అందుకే పొద్దున్నే అయిదున్నరకి ఊరి బయట కొత్త సిమెంటు రోడ్డుకి వెళ్ళాం. ఇంకా మొక్కజొన్న ఆరబోయడానికి ఎవరూ రాలేదు, రోడ్డు ఖాళీ. నాన్న నడిపాడు, నేను వెనకా ముందూ చూశాను. రోడ్డు మధ్యలో ఒకే దారి వెంట ఒకసారి వెళ్ళి, ఒకసారి తిరిగొచ్చాం. వాలు వల్ల అయితే వెళ్ళేటప్పుడు ఒక పక్కకీ, వచ్చేటప్పుడు ఇంకో పక్కకీ పోవాలి. నలభై స్పీడులో నాన్న చేతులు స్టీరింగ్‌కి తగలకుండా అంగుళం దూరంలో పెట్టాడు. రెండుసార్లూ ఎడమకే పోయింది. తప్పు బండిలోనే ఉంది.

రెండోది గాలి. ఖర్చు సున్నా. టైర్లు చల్లగా ఉన్నప్పుడే చూడాలి, నడిపాక వేడికి ప్రెషర్ పెరిగి తప్పు లెక్క చూపిస్తుంది. ఎంత ఉండాలో డ్రైవర్ డోర్ తీస్తే పక్కన స్టిక్కర్ మీద రాసి ఉంటుంది. టైరు మీద రాసిన నంబరు అది తట్టుకోగల గరిష్ఠం, మనం కొట్టించాల్సింది కాదు. మా ముందు ఎడమ టైరులో కుడిదాని కంటే 5 పాయింట్లు తక్కువ ఉంది. గాలి తగ్గిన టైరు కాస్త అణిగి, నేలకి ఎక్కువ రాసుకుంటుంది. ఆ పక్క బండి వెనకబడుతుంది, ముందు భాగం అటు తిరుగుతుంది. సమానం చేయించి మళ్ళీ అదే రోడ్డు మీద చూశాం. తగ్గింది, పోలేదు. మర్నాడు పొద్దున్న మళ్ళీ కొలిస్తే గాలి అలాగే ఉంది, అంటే పంచరు లేదు.

మూడోది టైర్లు. తొమ్మిది వేల ప్రశ్న ఇదే. చూడ్డానికి బాగున్న టైరులో కూడా లోపలి బెల్టులు ఒక పక్కకి తేడాగా ఉంటే అది సిలిండర్‌లా కాకుండా కొంచెం గరాటులా దొర్లుతుంది. పల్లీల పొట్లం నేల మీద దొర్లించి చూడండి, తిన్నగా పోదు, సన్నటి కొసవైపు తిరుగుతుంది. దీన్ని పట్టుకోడానికి టైరు కొనక్కర్లేదు. ముందు చక్రాలు రెండూ అటుదిటు, ఇటుదటు మార్చాలి. లాగుడు కూడా పక్క మారితే దొంగ టైరే. మారకపోతే టైరు మంచిది. ఒక్క జాగ్రత్త, పక్కన బాణం గుర్తు ఉన్న టైర్లు ఒక దిశలోనే తిరగాలి, వాటిని ఇలా మార్చకూడదు. మావాటికి బాణం లేదు. బాబాయ్ షెడ్డులో ఇరవై నిమిషాల పని. మార్చాక బండి మళ్ళీ ఎడమకే పోయింది. తొమ్మిది వేలు మిగిలాయి.

నాలుగోది అలైన్‌మెంట్. రెండుసార్లు అయ్యింది కదా అని వదిలెయ్యకుండా నాన్న డాష్‌బోర్డులో మడిచి పెట్టిన ప్రింటవుట్లు తీశాను. వాటిలో మూడు మాటలుంటాయి: క్యాంబర్, క్యాస్టర్, టో. చక్రం పైభాగం బయటికో లోపలికో ఒరగడం క్యాంబర్. సైకిల్ ఒరిగిన పక్కకి తిరిగినట్టే, ఏ చక్రం బయటికి ఎక్కువ ఒరిగితే బండి అటు పోతుంది. సైకిల్ ముందు ఫోర్కు వాలుగా ఉంటుంది చూడండి, అలాంటి వాలు క్యాస్టర్. చెయ్యి వదిలినా హ్యాండిల్ తిన్నగా రావడానికి అదే కారణం. కార్లో ఏ పక్క ఆ వాలు తక్కువైతే అటు లాగుతుంది. రెండు చక్రాల ముందు కొసలు దగ్గరగా ఉన్నాయా దూరంగా ఉన్నాయా అన్నది టో. ఇది తప్పితే టైర్లు తొందరగా అరుగుతాయి, స్టీరింగ్ వంకరపోతుంది, కానీ ముందు చక్రాల టో వల్ల మామూలుగా బండి ఒక పక్కకి లాగదు, ఎందుకంటే నడుస్తుంటే ఆ తేడాని రెండు చక్రాలూ సమానంగా పంచుకుంటాయి.

ఇక్కడో తమాషా ఉంది. మనం చూసే చాలా చిన్న కార్లలో ముందు వైపు సెట్ చెయ్యడానికి వీలున్నది టో ఒక్కటే. క్యాంబర్, క్యాస్టర్ ఫ్యాక్టరీలో బిగించినవి. అవి తప్పాయంటే ఏదో వంగిందన్నమాట. లోయర్ ఆర్మో, స్ట్రట్టో మార్చాలి. కాబట్టి అలైన్‌మెంట్ షాపులో రెండుసార్లూ చేసింది టో సెట్ చెయ్యడం. కాగితం మీద అన్నీ పచ్చగా వచ్చాయి. బండి లాగుతూనే ఉంది. వాళ్ళు తప్పు చెప్పలేదు, వాళ్ళ దగ్గరున్న పనిముట్టుకి సరిపడే జవాబు చెప్పారు. నాకు పనికొచ్చింది మాత్రం వేరే సంగతి. క్యాంబర్, క్యాస్టర్ రెండు పక్కలా దాదాపు సమానంగా ఉన్నాయి. అంటే ఏదీ వంగలేదు. లాగుడికి కారణం ఆ కాగితంలో లేదు.

మిగిలింది బ్రేకు. దీనికి కావలసింది మన అరచెయ్యి. పదిహేను కిలోమీటర్లు బ్రేకు వీలైనంత తక్కువ వాడుతూ వెళ్ళి, మెల్లగా ఆగాం. దిగి ఒక్కో చక్రం దగ్గర అరచెయ్యి పెట్టి చూశాను. తాకకూడదు, కాలుతుంది, దగ్గర పెడితే చాలు. వెనక రెండూ చల్లగా ఉన్నాయి. ముందు కుడిది గోరువెచ్చగా ఉంది. ముందు ఎడమది దోసె పెనం. మాడిన వాసన కూడా.

"మైలేజీ తగ్గిందా నాన్నా?"

"మూడు తగ్గింది. డీజిల్లో కల్తీ అనుకున్నా."

కల్తీ కాదు. నాలుగు నెలలుగా ఆ బండి ఒక కాలికి బ్రేకేసుకుని పరిగెడుతోంది.

బాబాయ్ జాకీ ఎత్తి, కింద స్టాండ్ పెట్టి, చక్రం చేత్తో తిప్పాడు. కుడిది తేలిగ్గా తిరిగింది. ఎడమది బిగుసుకుపోయింది. క్యాలిపర్ విప్పితే కథంతా కనపడింది. మన కార్లలో ఎక్కువగా ఉండే క్యాలిపర్‌లో పిస్టన్ లోపలి పక్కనే ఉంటుంది. బ్రేక్ తొక్కితే అది లోపలి ప్యాడ్‌ని డిస్కుకి నొక్కుతుంది. ఆ ఒత్తిడికి క్యాలిపర్ మొత్తం రెండు గైడ్ పిన్నుల మీద జరిగి, బయటి ప్యాడ్‌ని కూడా లాక్కొచ్చి నొక్కుతుంది. వదిలినప్పుడు మళ్ళీ అదే పిన్నుల మీద వెనక్కి జరగాలి. మాదాంట్లో ఒక పిన్ను రబ్బరు తొడుగు చిరిగింది. నీళ్ళూ మట్టీ పోయి పిన్ను తుప్పు పట్టి అతుక్కుపోయింది. లోపలి ప్యాడ్ రేకు దాకా అరిగింది. బయటిది సగానికి పైగా మిగిలే ఉంది.

నా కాగితం మీదున్న రెండు ముక్కలూ ఇక్కడ కలిశాయి. మామూలుగా నడిచేటప్పుడు ఎడమ బ్రేకు పూర్తిగా వదలదు, కాబట్టి బండి ఎడమకి పోతుంది. గట్టిగా తొక్కినప్పుడు అదే క్యాలిపర్ సరిగ్గా జరగలేక పూర్తిగా పట్టదు, కుడి బ్రేకు మాత్రం గట్టిగా పడుతుంది, కాబట్టి బండి కుడికి పోతుంది. సరిగ్గా ఆ క్షణంలో నాన్న చెయ్యి కూడా అలవాటు కొద్దీ కుడికే లాగి పట్టుకుని ఉంటుంది. రెండూ కలుస్తాయి. అన్నాళ్ళూ బండిని తిన్నగా ఉంచిన చెయ్యే, బ్రేక్ తొక్కిన క్షణంలో దాన్ని ఎదురుగా వచ్చే లారీ వైపు తిప్పుతుంది. గేదె దగ్గర జరిగింది అదే.

ఘాట్ సంగతి బాబాయ్ చెప్పాడు. పట్టేసిన బ్రేకు నడుస్తుండగానే వేడెక్కుతూ ఉంటుంది. దాని మీద మళ్ళీ దిగుడులో బ్రేకులు వాడితే ఆ వేడి బ్రేక్ ఆయిల్‌కి ఎక్కుతుంది. కొత్త డాట్ 4 ఆయిల్ 230 డిగ్రీల దాకా మరగకుండా తట్టుకోవాలి. కానీ అది గాల్లోంచి తేమ పీల్చుకుంటుంది. తేమ బాగా పట్టాక ఆ హద్దు 155 దాకా దిగిపోవచ్చు. మరిగితే ఆవిరి బుడగలు వస్తాయి. పెడల్ తొక్కితే బుడగలు నలుగుతాయి గానీ బ్రేకు పడదు. పెడల్ మెత్తగా లోపలికి పోతుంది.

నాన్న ఏం మాట్లాడలేదు. షెడ్డు ముందు బల్ల మీద కూర్చుని ఆ అరిగిన ప్యాడ్ చేతిలో తిప్పుతూ చాలాసేపు చూశాడు.

కొత్త పిన్నులు, రబ్బరు తొడుగులు, వాటికి బ్రేకుల కోసమే చేసిన గ్రీజు వేశాడు బాబాయ్. మామూలు గ్రీజు వేస్తే రబ్బరు ఉబ్బిపోతుందట. ప్యాడ్లు రెండు పక్కలా మార్చాడు. ఒక్క పక్కే మారిస్తే పట్టులో తేడా వచ్చి మళ్ళీ లాగుడు మొదలవుతుంది. డిస్కు మందం కొలిచి పనికొస్తుందన్నాడు. బ్రేక్ ఆయిల్ పూర్తిగా మార్చాడు. అన్నీ కలిపి 3,150 రూపాయలు, సగం రోజు.

సాయంత్రం మళ్ళీ ఆ సిమెంటు రోడ్డుకే వెళ్ళాం. నాన్న స్టీరింగ్ పట్టుకోగానే బండి కుడికి పోయింది. నాకు గుండె ఆగినంత పనైంది. తీరా చూస్తే బండి కాదు, నాన్న. చెయ్యి ఇంకా పాత పద్ధతిలోనే కుడికి లాగుతోంది. వదిలెయ్యమన్నాను. వదిలాడు. తిన్నగా వెళ్ళింది. ఆ తర్వాత మూడు నాలుగు రోజుల పాటు ఆయన పరాకుగా ఉన్నప్పుడల్లా బండి కుడికి జరుగుతూనే ఉంది. పక్కన కూర్చుని "నాన్నా, చెయ్యి" అనడమే నా పని. శ్రీశైలం లోపు ఆ అలవాటు పోవాలని పొద్దున్నే అరగంట ఖాళీ రోడ్డు మీద తిప్పేవాళ్ళం.

మన ఇళ్ళలో చాలామందికి కారో, ఆటోనో, ట్రాక్టరో ఉంది. సెలవులకి వెళ్ళినప్పుడు ఒకసారి పక్కన కూర్చుని రోడ్డు బదులు స్టీరింగ్ వైపు చూడండి. తిన్నటి రోడ్డు మీద అది వంకరగా ఉందా, చెయ్యి దాన్ని పట్టి ఆపుతోందా అని. దిగాక చక్రాల దగ్గర అరచెయ్యి పెట్టండి. నడిపేవాళ్ళని అడిగితే "ఏం లేదు, బానే ఉంది" అంటారు. వాళ్ళు అబద్ధం చెప్పట్లేదు, వాళ్ళకి నిజంగానే అలా అనిపిస్తుంది. బండికి తేడా వస్తే మనిషి సర్దుకుంటాడు, భుజం నొప్పికి నూనె రాసుకుంటాడు, మైలేజీ తగ్గితే డీజిల్‌ని తిట్టుకుంటాడు. ఈ మూడూ ఒకే పిన్ను వల్ల అని ఆయనకి తోచే తీరిక ఎక్కడుంది, పొద్దున్న నాలుగింటికి మళ్ళీ కిరాయి ఉంటే.

నాన్న భుజం ఇంకా పూర్తిగా తగ్గలేదు. డాక్టరు గోడకి చెయ్యి పాకించే ఎక్సర్‌సైజు చెప్పాడు, అమ్మ దగ్గరుండి చేయిస్తోంది. శ్రీశైలం వెళ్ళిన శనివారం నేను హాస్టల్‌కి తిరిగొచ్చేశాను. మర్నాడు సాయంత్రం ఘాట్ దిగి దోర్నాలలో టీకి ఆపినప్పుడు నాన్న ఫోన్ చేశాడు. తిన్నావా, ఎలా ఉన్నావు లాంటివి ఏమీ అడగలేదు.

"ముందు చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూశానమ్మా. రెండూ ఒకేలా ఉన్నాయి," అన్నాడు.